రియల్‌ను రెండుసార్లు ఓడించినా గ్రూపులో చివరి స్థానమే: కోచ్ విక్టర్ గంచరెంకో పద్ధతి, దాని హద్దులు

క్లుప్తంగా: బెలారుస్‌కు చెందిన విక్టర్ గంచరెంకో మోకాలి గాయంతో 25 ఏళ్లకే ఆట మానేశారు. 30 ఏళ్లకు బాటే బొరీసవ్ క్లబ్ ప్రధాన కోచ్ అయ్యారు. 2012లో బేయర్న్ మ్యూనిక్‌ను, 2018లో రియల్ మాడ్రిడ్‌ను రెండుసార్లు ఓడించారు. అయినా రష్యా లీగ్ టైటిల్ ఆయనకు దక్కలేదు. ఆ విజయాలు తెచ్చిన పద్ధతికే ఈ వైఫల్యంలో ప్రధాన పాత్ర ఉంది. లీగ్ క్యాలెండర్, క్వాలిఫయింగ్ నిబంధనలు, క్లబ్బుల ఆర్థిక స్థితి కూడా అందులో పాలు పంచుకున్నాయి.

2018 డిసెంబరు 12 రాత్రి మాడ్రిడ్‌లోని బెర్నబేవ్ మైదానంలో సీఎస్‌కేఏ మాస్కో 3–0తో రియల్ మాడ్రిడ్‌ను ఓడించింది. యూరప్ పోటీల్లో సొంతగడ్డపై రియల్‌కు అంత తేడాతో ఓటమి అంతకుముందు ఎన్నడూ లేదు. చాలోవ్, షెన్నికోవ్, ఐస్‌లాండ్ కుర్రాడు సిగుర్డ్‌సన్ తలో గోల్ కొట్టారు. అదే రాత్రి, యూరప్ క్లబ్బుల అగ్రశ్రేణి పోటీ ఛాంపియన్స్ లీగ్ గ్రూపు పట్టికలో సీఎస్‌కేఏ నాలుగో స్థానంలో, అంటే అట్టడుగున నిలిచింది. ఆ జట్టు కోచ్ విక్టర్ గంచరెంకో.

ఈ రెండు వాక్యాలూ ఒకే జట్టు గురించి ఎలా నిజమయ్యాయన్నది ఫుట్‌బాల్ అభిమానులను తరచూ తికమకపెట్టే ప్రశ్న. అదృష్టం, దురదృష్టం అని తేల్చేయవచ్చు. కానీ ఆయన కెరీర్ మొత్తంలో ఇదే తీరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది కాబట్టి ఆ జవాబు సరిపోదు.

పట్టిక చెప్పే లెక్క

ముందుగా ఆ గ్రూపునే చూడాలి. రియల్ మాడ్రిడ్, రోమా, చెక్ క్లబ్ విక్టోరియా ప్ల్‌జెన్, సీఎస్‌కేఏ. ఆరు మ్యాచుల్లో సీఎస్‌కేఏ సాధించిన పాయింట్లు 7. అందులో 6 రియల్ మీద వచ్చినవే. 2016, 2017, 2018లలో వరుసగా మూడుసార్లు యూరప్ విజేతగా నిలిచిన జట్టు మీద రెండుకు రెండు మ్యాచులూ గెలిచి, మిగిలిన నాలుగింటిలో కలిపి తెచ్చుకున్నది ఒకే ఒక్క పాయింటు.

ఆ పాయింటు ప్ల్‌జెన్‌లో వచ్చింది. అక్కడ రెండు గోల్స్ వెనకబడి, ఇంజురీ టైమ్‌లో వ్లాషిచ్ కొట్టిన పెనాల్టీతో 2–2తో బయటపడ్డారు. నవంబరులో మాస్కోలో ప్ల్‌జెన్‌తోనే జరిగిన మ్యాచ్‌లో మొదట గోల్ కొట్టింది సీఎస్‌కేఏ. రెండో సగంలో రెండు గోల్స్ ఇచ్చి 1–2తో ఓడింది. చివరికి రెండు జట్లూ 7 పాయింట్లతో సమంగా నిలిచాయి. పరస్పర మ్యాచుల్లో ప్ల్‌జెన్‌దే పైచేయి కావడంతో మూడో స్థానం, దాంతో పాటు రెండో శ్రేణి పోటీ యూరోపా లీగ్‌లో ఆడే అవకాశం దానికే పోయాయి.

గెలుపుల విలువనూ ఉన్నంతలోనే చూడాలి. డిసెంబరు నాటికి రియల్ గ్రూపులో మొదటి స్థానం ఖాయం చేసుకుంది, కొందరు ముఖ్య ఆటగాళ్లకు విశ్రాంతినిచ్చింది. అక్టోబరు 2న మాస్కోలో మ్యాచ్ మొదలైన రెండో నిమిషంలోనే వ్లాషిచ్ గోల్ కొట్టాడు. ఆ తర్వాత రియల్ బంతి మూడుసార్లు గోల్ స్తంభాలకు తగిలింది. అదృష్టం వాటా లేదనలేము. అయితే 65 సెకన్లకే దొరికిన ఆధిక్యాన్ని మిగతా మ్యాచ్ అంతా కాపాడుకోవడం అదృష్టం ఒక్కటే చేయగల పని కాదు.

ఆరేళ్ల ముందు బాటేతో జరిగినదీ ఇలాంటిదే. 2012–13 ఛాంపియన్స్ లీగ్‌లో బాటే మొదటి మ్యాచ్‌లో ఫ్రాన్స్ జట్టు లిల్‌ను దాని మైదానంలోనే 3–1తో ఓడించింది. రెండో మ్యాచ్‌లో మిన్‌స్క్‌లో బేయర్న్‌ను అదే 3–1 తేడాతో ఓడించింది. పావ్లోవ్, రదియోనోవ్ గోల్స్ తర్వాత చివర్లో బేయర్న్ తరఫున రిబెరీ ఒకటి తిరిగి ఇచ్చినా, ఇంజురీ టైమ్‌లో బ్రెస్సాన్ మూడోది కొట్టి ముగించాడు. ఆ సీజను చివరికి బేయర్న్ జర్మన్ లీగ్, జర్మన్ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలుచుకుంది. బాటే మాత్రం మిగిలిన నాలుగు గ్రూపు మ్యాచులూ ఓడిపోయింది. (ఆ మ్యాచ్ తేదీ కూడా అక్టోబరు 2. ఇది కేవలం యాదృచ్ఛికం, దీనికి అర్థం వెతకనక్కర్లేదు.)

హోయ్‌నికి నుంచి బొరీసవ్ దాకా

గంచరెంకో 1977 జూన్ 10న గోమెల్ ప్రాంతంలోని హోయ్‌నికిలో పుట్టారు. 1986 చెర్నోబిల్ ప్రమాదంలో రేడియోధార్మికత తీవ్రంగా సోకిన జిల్లాల్లో అదొకటి. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు నిండలేదు. మిన్‌స్క్ క్రీడా పాఠశాల జట్టులో ఆడి, 1998లో బాటేకు డిఫెండర్‌గా వచ్చారు. 1999లోనూ 2002లోనూ జాతీయ టైటిల్ గెలిచిన బాటే జట్లలో ఆయన ఉన్నారు. ఆ 2002లోనే మోకాలి గాయం ఆయన ఆటను ముగించింది.

ఆటగాడిగా పేరు పండకముందే ఆగిపోయిన వాళ్లలో కొందరికి కోచింగ్‌లో ఒక వెసులుబాటు దొరుకుతుంది: పదేళ్లు ముందుగా మొదలుపెట్టవచ్చు. ఆయన 2004లో బాటే రిజర్వు జట్టు బాధ్యత తీసుకున్నారు. 2007 చివర్లో ఇగర్ క్రియుషెంకో వెళ్లిపోవడంతో ప్రధాన జట్టు చేతికి వచ్చింది. కొందరు ఆటగాళ్లతో ఆయన అంతకుముందు పక్కపక్కనే ఆడారు, మరికొందరు ఆయన రిజర్వు జట్టులోనే ఎదిగారు. కొత్త కోచ్‌కు మామూలుగా ఒక సీజను పట్టే పరిచయం పని ఇక్కడ ముందే అయిపోయింది.

2008 సెప్టెంబరు 17న బాటే మాడ్రిడ్‌లో రియల్‌తో తలపడినప్పుడు గంచరెంకో వయసు 31 ఏళ్ల 99 రోజులు. ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశలో అంతకంటే చిన్న వయసు కోచ్ అప్పటిదాకా లేరు. పదేళ్ల తర్వాత హాఫెన్‌హైమ్ కోచ్ యూలియన్ నాగెల్స్‌మాన్ 41 రోజుల తేడాతో ఆ రికార్డును తీసుకున్నారు.

చిన్న ఊరి క్లబ్ పెద్ద పోటీకి ఎలా చేరింది

బొరీసవ్ మిన్‌స్క్‌కు ఈశాన్యంగా ఉన్న పారిశ్రామిక పట్టణం. జనాభా లక్షన్నరకు లోపే. బాటే అన్నది ట్రాక్టర్లకు, మోటారు వాహనాలకు విద్యుత్ పరికరాలు చేసే స్థానిక కర్మాగారం పేరులోని అక్షరాలు. 1996లో అనతోలి కాప్‌స్కీ ఆధ్వర్యంలో క్లబ్ పునఃప్రారంభమైంది. 2008లో గ్రూపు దశ మ్యాచులు బొరీసవ్‌లో ఆడే వీలు లేక మిన్‌స్క్‌లోని దినామో స్టేడియంలో ఆడారు. 2014లో బొరీసవ్ అరేనా తెరిచేదాకా పెద్ద మ్యాచుల్లో చాలావాటికి అదే దారి.

ఆ ఎదుగుదలకు వెనక రెండు యంత్రాంగాలు పనిచేశాయి. మొదటిది క్యాలెండర్. బెలారుస్ లీగ్ వసంతంలో మొదలై శరదృతువు చివర ముగుస్తుంది. చలికాలంలో అక్కడ మైదానాలు ఆటకు పనికిరావు. దీంతో జూలై, ఆగస్టులలో క్వాలిఫయింగ్ రౌండ్లు జరిగేటప్పటికి బాటే సీజను మధ్యలో ఉండి, కాళ్లలో వేగంతో ఆడుతుంది. పశ్చిమ యూరప్ జట్లు అప్పుడే సెలవుల నుంచి తిరిగి వస్తాయి. 2008లో బాటే ఐస్‌లాండ్ జట్టు వాలూర్‌ను, తర్వాత బెల్జియం పెద్ద క్లబ్ అండర్‌లెక్ట్‌ను, ఆపై లెవ్‌స్కీ సోఫియాను దాటింది. అండర్‌లెక్ట్‌ను బ్రసెల్స్‌లోనే 2–1తో ఓడించింది. చిన్న దేశాల ఛాంపియన్లకు వేరే దారి కల్పించే నిబంధన మరుసటి ఏడాది, అంటే 2009–10 నుంచే అమల్లోకి వచ్చింది. అంటే మొదటిసారి బాటే ఆ సాయం లేకుండానే గట్టెక్కింది. 2011, 2012లలో అర్హత సాధించినప్పుడు మాత్రం ఆ నిబంధన దాని దారిని కొంత సులువు చేసింది.

రెండోది డబ్బు. గ్రూపు దశ చేరిన క్లబ్‌కు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఎఫా ఇచ్చే మొత్తం జర్మన్ క్లబ్‌కు ఒక మంచి ఆటగాడి ధర కావచ్చు. బెలారుస్ లీగ్‌లో అదే మొత్తం పోటీ అంతటినీ తలకిందులు చేస్తుంది. ఒకసారి గ్రూపు దశ చేరితే మెరుగైన జట్టు కట్టవచ్చు, దాంతో లీగ్ గెలవవచ్చు, లీగ్ గెలిస్తే మళ్ళీ క్వాలిఫయింగ్. 2006 నుంచి 2018 దాకా వరుసగా 13 టైటిళ్లు బాటేవే కావడం వెనక ఉన్న చక్రం ఇదే. గంచరెంకో కాలంలో 2008 నుంచి 2012 దాకా ఐదు. కాబట్టి ఆ ఐదు టైటిళ్లను ఆయన ప్రతిభకు సంపూర్ణ కొలమానంగా తీసుకోలేము. ఆయనకు ముందూ తర్వాతా కూడా బాటే గెలుస్తూనే ఉంది. కానీ ఆ చక్రాన్ని మొదట తిప్పిన 2008 వేసవి మాత్రం ఆయనదే.

క్యాలెండర్ ఇచ్చిన చేత్తోనే తీసుకుంటుందనీ గుర్తుంచుకోవాలి. నాకౌట్ మ్యాచులు ఫిబ్రవరిలో వస్తాయి. అప్పటికి బెలారుస్ జట్లు దాదాపు మూడు నెలలుగా లీగ్ మ్యాచ్ ఆడి ఉండవు. 2011 ఫిబ్రవరిలో యూరోపా లీగ్‌లో పారిస్ సెయింట్ జర్మేన్ మీద బాటే 2–2, 0–0తో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండానే, బయటి మైదానంలో కొట్టిన గోల్స్ లెక్కలో నిష్క్రమించింది. 2013 ఫిబ్రవరిలో ఫెనర్‌బాచే చేతిలో 0–0, 0–1. రెండుసార్లూ రక్షణ కుప్పకూలలేదు. ఎక్కువగా పదును పోయింది దాడిలోనే, నాలుగు మ్యాచుల్లో మూడింటిలో బాటేకు గోల్ లేదు. ఆట అలవాటు తప్పినప్పుడు ముందుగా పాడయ్యేది కూడా అదే.

2013 జూలై ఈ వాదనకు మంచి పరీక్ష. ఆ క్వాలిఫయింగ్‌లో కజకిస్తాన్ జట్టు షఖ్‌తర్ కరగండి రెండు మ్యాచుల్లోనూ 1–0తో బాటేను ఓడించింది. కజకిస్తాన్ లీగ్ కూడా వసంతం నుంచి శరత్తు దాకానే నడుస్తుంది. కాబట్టి శారీరక సన్నద్ధతలో బాటేకు ఉండే ఆధిక్యం ఆ రోజు లేదు. పైగా కరగండి వెనక్కి తగ్గి, గోల్ ముందు గుంపుగా నిలిచి కాపు కాసే జట్టు. దాన్ని ఛేదించే బాధ్యత బాటే మీద పడింది. కొద్ది నెలలకే గంచరెంకో రష్యాలోని కుబాన్ క్లబ్‌కు వెళ్లిపోయారు.

ఎదురుదాడి అనే ఆయుధం

గంచరెంకో జట్లు పెద్ద ప్రత్యర్థుల మీద ఎలా ఆడతాయో మాటల్లో చెప్పడం కష్టం కాదు, ఆడించడమే కష్టం. బంతిని ప్రత్యర్థికి వదిలేస్తారు. వరుసల మధ్య ఖాళీ లేకుండా దగ్గర దగ్గరగా నిలుస్తారు. బంతి చిక్కగానే రెండు మూడు పాసుల్లో ఎదుటి గోల్ దాకా చేరతారు. బాటేలో నలుగురు డిఫెండర్ల వరుసతో ఇది చేశారు. సీఎస్‌కేఏలో ముగ్గురు డిఫెండర్లు, ఇరువైపులా పరుగెత్తే వింగ్‌బ్యాక్‌లతో చేశారు. కుడివైపు మారియో ఫెర్నాండెస్, ఎడమవైపు షెన్నికోవ్ లాంటి వాళ్లు ఉంటే రక్షణలో ఐదుగురు, దాడిలో ఐదుగురు అన్నట్టు జట్టు సాగుతూ ముడుచుకుంటూ ఉండేది.

ఈ పద్ధతి పని చేయాలంటే ఒక షరతు ఉంది: ప్రత్యర్థి ముందుకు రావాలి. రియల్, బేయర్న్, లిల్ లాంటి జట్లు చిన్న క్లబ్ మీద గెలిచి తీరాలన్న ఒత్తిడితో సహజంగానే ముందుకు వస్తాయి, వెనక మైదానం ఖాళీ అవుతుంది. ప్ల్‌జెన్ రాదు. రష్యా లీగ్‌లో మధ్యస్థ జట్లు మాస్కోలో సీఎస్‌కేఏ మీద ఆడేటప్పుడు అసలే రావు. అక్కడ బంతి అంతసేపూ సీఎస్‌కేఏ దగ్గరే ఉంటుంది, ఖాళీ ఎక్కడా ఉండదు. పెద్ద జట్టుకు కోచ్‌గా వెళ్లడమంటే ఒక విధంగా తానే రియల్ మాడ్రిడ్ పాత్రలోకి మారడం. ఆయన పద్ధతిలో ఆ పాత్రకు సరిపడా సరంజామా లేదు.

2017–18 రష్యా లీగ్‌లో సీఎస్‌కేఏ 58 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. ఛాంపియన్ లొకొమొటివ్‌కు 60. లీగ్ టైటిల్‌కు ఆయన అంత దగ్గరగా వచ్చింది అప్పుడే. అదే సీజనులో ఛాంపియన్స్ లీగ్ గ్రూపులో 9 పాయింట్లతో మూడోదిగా నిలిచి, యూరోపా లీగ్‌లో లియోన్‌ను దాటి, ఆర్సెనల్ చేతిలో క్వార్టర్ ఫైనల్లో ఓడింది. రెండు పాయింట్ల తేడాను పద్ధతి మీదకే తోసేయడం అన్యాయం. అయినా ఆ దగ్గరతనం తర్వాతి సీజన్లలో మళ్ళీ రాలేదు: 2018–19లో నాలుగో స్థానం, 2019–20లోనూ నాలుగే.

ఇక్కడ క్లబ్ పరిస్థితిని పక్కన పెట్టకూడదు. 2018 వేసవిలో ఇగ్నషేవిచ్, ఇద్దరు బెరెజుత్‌స్కీ సోదరులు ఒకేసారి ఆటకు వీడ్కోలు చెప్పారు. ఏళ్ల తరబడి సీఎస్‌కేఏ రక్షణ అంటే ఆ ముగ్గురే. ప్రపంచ కప్‌లో మెరిసిన గలోవిన్‌ను మొనాకోకు అమ్మారు. వెర్న్‌బ్లూమ్, నత్‌ఖో కూడా వెళ్లిపోయారు. సొంత స్టేడియం కోసం చేసిన అప్పు క్లబ్ మెడకు ఉంది. 2019 చివరికి ఆ అప్పు కారణంగానే క్లబ్ యాజమాన్యం ప్రభుత్వ అభివృద్ధి సంస్థ వీఈబీ చేతికి వెళ్లింది. రియల్‌ను ఓడించిన జట్టు ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న కుర్రాళ్లతో, అద్దెకు తెచ్చిన వ్లాషిచ్‌తో ఆ వేసవిలో హడావిడిగా కట్టినది. అలాంటి జట్టును 30 మ్యాచుల లీగ్‌లో ఒకే ఊపుతో నడిపించడం ఏ కోచ్‌కైనా కత్తిమీద సామే. 2018 జూలైలో లొకొమొటివ్ మీద గెలిచిన రష్యా సూపర్ కప్ ఒక్కటే ఆయన సీఎస్‌కేఏకు తెచ్చిన ట్రోఫీ.

2021 మార్చిలో ఆయన సీఎస్‌కేఏ వదిలారు. వెంటనే క్రస్నదార్ పిలిచింది. ఆ పిలుపే వింతైనది. క్రస్నదార్ యజమాని సెర్గేయ్ గలిత్‌స్కీ క్లబ్‌ను మొదటి నుంచీ బంతిని తన దగ్గరే ఉంచుకునే, దాడికి దిగే ఆటకు ప్రతీకగా పెంచారు. ఆయన అకాడమీలో పిల్లలకు నేర్పేదీ అదే ఆట. ఎదురుదాడి నిపుణుణ్ని ఆ చోట కూర్చోబెట్టడం ఇరువైపులా ఏదో ఒకటి వదులుకోవడమే అవుతుంది. 2022 జనవరితో ఆ ఒప్పందం ముగిసింది. అదే ఏడాది ఆయన రష్యాలోనే ఉరాల్ క్లబ్‌కు చేరారు. 2015లో కొద్ది నెలలు పనిచేసిన పాత చోటు అది. దిగువన ఉండి పైవాళ్లను నిలువరించే అలాంటి జట్లే ఆయన పద్ధతికి సహజంగా సరిపోతాయి.

మలాఫేయెవ్‌తో పోలిక

బెలారుస్ గడ్డ మీద పెద్ద లీగ్ గెలిచిన కోచ్ ఎడ్వర్డ్ మలాఫేయెవ్. పుట్టింది సైబీరియాలోని క్రస్నయార్స్క్‌లో, ఫుట్‌బాల్ జీవితం స్థిరపడింది మిన్‌స్క్‌లో. దినామో మిన్‌స్క్ ఫార్వర్డ్‌గా సోవియట్ జట్టుకు 40 మ్యాచులు ఆడారు. 1966 ప్రపంచ కప్‌లో ఉత్తర కొరియా మీద రెండు, పోర్చుగల్ మీద ఒకటి చొప్పున గోల్స్ కొట్టారు. ఆ కప్‌లో సోవియట్ జట్టుది నాలుగో స్థానం. కోచ్‌గా 1982లో దినామో మిన్‌స్క్‌ను సోవియట్ ఛాంపియన్ చేశారు. చివరి రోజున మాస్కోలో స్పార్తక్‌ను 4–3తో ఓడించి, దినామో కీవ్ కంటే ఒకే ఒక్క పాయింటు ముందు నిలిచారు. మిన్‌స్క్‌కు అదే మొదటి, చివరి సోవియట్ టైటిల్.

మలాఫేయెవ్ తన ఆటను ‘నిష్కపట ఫుట్‌బాల్’ అనేవారు: ఉత్సాహం, దాడి, లెక్కలు వేయకుండా ఆడటం. గంచరెంకో దానికి దాదాపు వ్యతిరేక ధ్రువం. అలాగని ఉత్సాహం గెలిచింది, లెక్క ఓడింది అని తేల్చడం తొందరపాటు. 1986లో ప్రపంచ కప్‌కు కొద్ది వారాల ముందు సోవియట్ జట్టు కోచ్ పదవి నుంచి మలాఫేయెవ్‌ను తప్పించి, శాస్త్రీయ లెక్కలకు పేరుపడ్డ వలేరీ లబనోవ్‌స్కీకి ఇచ్చారు.

ఇద్దరి మధ్య అసలు తేడా ఆటగాళ్ల సంతలో ఉంది. 1982 జట్టులోని అలేయ్‌నికవ్, జిగ్‌మంతోవిచ్, గొత్స్‌మనవ్ లాంటి వాళ్లు విదేశీ క్లబ్‌కు వెళ్లే వీలు లేదు. అలేయ్‌నికవ్ ఇటలీలోని యువెంటస్‌కు వెళ్లింది 1989లో, సోవియట్ తలుపులు కొంచెం తెరుచుకున్నాక. మాస్కో, కీవ్ క్లబ్బుల ఆకర్షణ ఉన్నా, ఒక తరం కలిసి ఎదిగి టైటిల్ గెలిచేదాకా మిన్‌స్క్‌లోనే నిలిచింది. బాటేలో రాణించిన కుర్రాడు మాత్రం ఏడాది రెండేళ్లలో రష్యాకో పోలండ్‌కో వెళ్లిపోతాడు. కోచ్ కూడా అంతే. బెలారుస్‌లో గెలవవలసినవన్నీ గెలిచిన కోచ్‌కు తర్వాతి మెట్టు రష్యాలోనే ఉంటుంది, అదీ మధ్యస్థ క్లబ్ నుంచి మొదలవుతుంది. గంచరెంకో కుబాన్, ఉరాల్, సీఎస్‌కేఏలో లియొనిద్ స్లుత్‌స్కీకి సహాయకుడి పదవి, ఊఫా దాటుకుని గానీ 2016 డిసెంబరులో సీఎస్‌కేఏ ప్రధాన కోచ్ కాలేకపోయారు.

2022 తర్వాత

ఉక్రెయిన్‌పై దాడి తర్వాత 2022 ఫిబ్రవరి 28న ఫిఫా, యూఎఫా రష్యా క్లబ్బులను, జాతీయ జట్లను అన్ని అంతర్జాతీయ పోటీల నుంచి బహిష్కరించాయి. రష్యాలో పనిచేసే కోచ్‌లందరికీ ఇది దెబ్బే. గంచరెంకో లాంటి కోచ్‌కు మరింత పెద్దది. ఆయన పేరు మోగిన మ్యాచులన్నీ మంగళ, బుధవారాల యూరప్ రాత్రులవి. ఆ రాత్రులు లేని రష్యా ఫుట్‌బాల్‌లో మిగిలింది దేశీయ లీగ్, కప్ మాత్రమే. ప్రత్యర్థి మీదికి రాని మ్యాచులే అందులో ఎక్కువ.

బెలారుస్ క్లబ్బులకు యూరప్ ద్వారం మూసుకోలేదు, కానీ సొంతగడ్డపై ఆడే హక్కు పోయింది. ‘హోమ్’ మ్యాచులు తటస్థ దేశాల్లో, ప్రేక్షకులు లేకుండా ఆడాలి. 2008లో యువెంటస్ మీద మొదటి 23 నిమిషాల్లోనే 2–0తో ముందుకు దూసుకెళ్లిన బాటేకు వెనక కిక్కిరిసిన మిన్‌స్క్ స్టేడియం ఉంది. ఆ మ్యాచ్ చివరికి 2–2తో ముగిసినా, బెలారుస్ క్లబ్‌కు ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశలో వచ్చిన మొదటి పాయింటు అదే. ఇప్పుడు అలాంటి జట్టు తయారైనా వేసవి క్యాలెండర్ ఇచ్చే ఆధిక్యం మిగులుతుంది గానీ, మైదానం ఇచ్చే ఆధిక్యం ఉండదు. బాటే చక్రం కూడా ఆగింది: 2018 తర్వాత బాటే లీగ్ టైటిళ్ల వరుస తెగింది, కాప్‌స్కీ అదే ఏడాది సెప్టెంబరులో మరణించారు. తర్వాతి గంచరెంకో బెలారుస్ నుంచి రావాలంటే, ముందు యూఎఫా డబ్బును మళ్ళీ ఏదో ఒక క్లబ్ పట్టుకోవాలి. ప్రస్తుత నిబంధనల కింద ఆ పని పరాయి దేశంలోని ఖాళీ గ్యాలరీల ముందే జరగాలి.